ఎర్ర చొక్కా లేని సినిమా

ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మా పిన్ని కొడుకు ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. అప్పటికి వాడికి 16 ఏళ్ళు. రాత్రి తొమ్మిదింటికి బాబాయితో పాటు నేనూ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. "స్నేహితుల ఇంటికి పోయుంటాడు, పొద్దున్నే రండి" అని మమ్మల్ని పంపించబోయిన రైటర్, బాబాయి అక్కడే నిలబడిపోవడం చూసి, కాగితం దగ్గరకు లాక్కుని ముందుగా అడిగింది ఒక్కటే: "ఒంటి మీద ఏ బట్టలున్నాయి?" బాబాయి నా వైపు చూశాడు. నాకూ తెలియదు. ఇంటికి ఫోన్ చేస్తే పిన్నికీ గుర్తు రాలేదు. పొద్దుటి నుంచి కళ్ళ ముందే తిరిగిన పిల్లవాడు ఏ చొక్కా వేసుకున్నాడో చెప్పలేకపోవడం ఆమెను ఎంత కుంగదీసిందంటే, మేము ఇంటికి చేరేసరికి బీరువాలోని వాడి బట్టలన్నీ మంచం మీద పోసి, దండెం మీద ఆరుతున్నవీ, బకెట్లో నానబెట్టినవీ తెచ్చి పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే మడతపెడుతూ లెక్కపెడుతోంది. ఉన్నవన్నీ లెక్కతేలితే లేనిదేదో తెలుస్తుందని ఆమె ఆశ. పదకొండున్నర దాటాక తెలిసింది. నీలం గళ్ళ పొడుగు చేతుల చొక్కా లేదు.

మర్నాడు పత్రికకు ఇవ్వడానికి బాబాయి నా చేత ఒక ప్రకటన రాయించాడు. "పై ఫొటోలోని బాలుడు నిన్న సాయంత్రం నుండి కనబడుటలేదు. రంగు చామనఛాయ. నీలం గళ్ళ చొక్కా, నల్ల ప్యాంటు ధరించి ఉన్నాడు. ఆచూకీ తెలిపిన వారికి తగిన పారితోషికం ఇవ్వబడును." జిల్లా పేజీల్లో ఇలాంటివి అంతకు ముందు ఎన్ని చూశానో లెక్క లేదు గానీ, ఒక్కటి కూడా చివరి దాకా చదివిన గుర్తు లేదు. ఆ ప్రకటన అచ్చుకు వెళ్ళే అవసరం రాలేదు. మూడోరోజు తెల్లవారుజామున మా వాడు అదే నీలం గళ్ళ చొక్కాతో, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళతో గుమ్మంలో నిలబడ్డాడు. పిన్ని ముందు వాడి ముఖం చూడలేదు, చొక్కా చేతిని పట్టుకుని చూసింది.

అప్పటి నుంచి తప్పిపోయిన పిల్లల గురించి ఏది చదివినా, ఏది చూసినా, నా మనసు ముందుగా ఆ ఒంటి మీది బట్టల దగ్గరకే వెళ్తుంది. థామస్ ఎం. రైట్ దర్శకత్వం వహించిన ఆస్ట్రేలియా సినిమా 'ది స్ట్రేంజర్' చూసినప్పుడు కూడా అదే జరిగింది. 2022లో కాన్ చిత్రోత్సవంలోని అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో మొదట ప్రదర్శితమై, అదే ఏడాది అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన సినిమా ఇది. నేను ఇటీవలి కాలంలో చూసిన నేరకథా చిత్రాల్లో ఇంత శ్రద్ధగా, ఇంత నిగ్రహంతో తీసినది మరొకటి లేదు. అయినా ఈ సినిమాను ఇలా తీసి ఉండకూడదని నేను నమ్ముతున్నాను. ఈ రెండు మాటలూ నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను, రెండూ ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ పిల్లవాడి సంగతి చెప్పాలి. పేరు డేనియల్ మోర్కోంబ్, వయసు 13. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, బ్రిస్బేన్‌కు ఉత్తరాన ఉన్న సన్‌షైన్ కోస్ట్ ప్రాంతంలో వాళ్ళ ఇల్లు. 2003 డిసెంబరు 7, ఆదివారం. క్రిస్మస్ దగ్గర పడుతోంది గనుక ఇంట్లోవాళ్ళకు బహుమతులు కొనుక్కుని, జుట్టు కత్తిరించుకుని వద్దామని అతను మధ్యాహ్నం మరూచీడోర్‌లోని షాపింగ్ సెంటర్‌కు బయలుదేరాడు. వూంబై దగ్గర కీల్ మౌంటెన్ రోడ్డు వంతెన కింద బస్సు కోసం నిలబడ్డాడు. అక్కడ సరైన బస్టాపు కూడా లేదు, చెయ్యెత్తితే బస్సు ఆగే చోటు అది. ఆ రోజు రావలసిన బస్సు దారిలో చెడిపోయింది. దాని బదులు వేసిన బస్సు ఆలస్యాన్ని పూడ్చుకునే తొందరలో, చెయ్యెత్తిన పిల్లవాణ్ణి దాటుకుని వెళ్ళిపోయింది. ఆ డ్రైవరు మాత్రం వెనక వస్తున్న ఇంకో బండికి, ఒక అబ్బాయి ఉన్నాడు ఎక్కించుకోమని రేడియోలో చెప్పాడు. కొద్ది నిమిషాల్లోనే ఆ రెండో బండి వచ్చింది. అప్పటికి అక్కడ ఎవరూ లేరు.

ఆ రోజు డేనియల్ ఎర్ర టీషర్టు వేసుకున్నాడు. బస్సు కిటికీల్లోంచి, పక్కన పోయే కార్లలోంచి చూసిన వాళ్ళు తర్వాత పోలీసులకు చెప్పినదంతా ఆ ఎరుపు చుట్టూనే తిరిగింది. తల్లిదండ్రులు బ్రూస్, డెనీస్ ఆ ఎరుపును పట్టుకునే దేశాన్ని కదిలించారు. కొడుకు ఏమయ్యాడో తెలియకముందే, 2005లో, అతని పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టి, పిల్లల భద్రత గురించి బడులకు వెళ్ళి చెప్పడం మొదలుపెట్టారు. ప్రమాదాన్ని గుర్తించు, వెంటనే స్పందించు, పెద్దవాళ్ళకు చెప్పు అన్న మూడు మాటలే వాళ్ళ పాఠం. ఏటా అక్టోబరు చివరి శుక్రవారం 'డే ఫర్ డేనియల్' పేరుతో ఆస్ట్రేలియా అంతటా పిల్లలు ఎర్ర బట్టలు వేసుకుని బడికి వెళ్తారు. మా పిన్ని ఒక రాత్రంతా వెతికి పట్టుకున్న చొక్కా రంగును ఈ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి ఒక దేశం మరచిపోకుండా చూసుకున్నారు.

నేరస్థుడు ఎక్కడో అజ్ఞాతంలో ఉన్నవాడు కాదు. పిల్లల మీద నేరాలకు అంతకు ముందే రెండుసార్లు శిక్షపడినవాడు, ఆ చుట్టుపక్కలే ఉండేవాడు. పిల్లవాడు మాయమైన రెండు వారాల్లోనే పోలీసులు అతని ఇంటికి వెళ్ళి మాట్లాడారు. ఆ మధ్యాహ్నం తను ఎక్కడికి వెళ్ళాడో అతను చెప్పిన లెక్కలో కొంత సమయానికి జవాబు లేదు. అనుమానం ఉంది, ఆధారం లేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. 2010లో మొదలైన కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) విచారణలో తల్లిదండ్రులు రోజూ కూర్చున్నారు. అందులో సాక్ష్యం చెప్పి పెర్త్‌కు తిరిగి వెళ్తున్న ఆ మనిషి పక్క సీట్లో, 2011 ఏప్రిల్‌లో, విమానంలో ఒక అపరిచితుడు కూర్చుని మాట కలిపాడు. ఆ అపరిచితుడు పోలీసు.

ఆ తర్వాత నాలుగు నెలలు జరిగినదే సినిమాకు మూలం. మారువేషంలో ఉన్న పోలీసులు ఒక పెద్ద నేరముఠాను ఉన్నట్టుగా సృష్టించారు. అనుమానితుణ్ణి అందులో చేర్చుకుని, చిన్న చిన్న పనులు అప్పజెప్పి, డబ్బులిచ్చి, కలిసి తిని, కలిసి తిరిగి, అతనికి జీవితంలో ఎన్నడూ లేని ఒక స్థానాన్ని కల్పించారు. ఈ ముఠాకు మూడే సూత్రాలని పదే పదే చెప్పారు: నమ్మకం, నిజాయితీ, విధేయత. చివరికి, పెద్ద పని ఒకటి రాబోతోందనీ, నీ మీద పాత కేసేదో ఉందని తెలిసిందనీ, నిజం చెబితే పై వాళ్ళు సర్దేస్తారనీ నమ్మించి ఒక హోటల్ గదిలో బాస్ ముందు కూర్చోబెట్టారు. 2011 ఆగస్టు 9న అతను నోరు విప్పాడు. తరువాత తానే గ్లాస్ హౌస్ మౌంటెన్స్ ప్రాంతంలో ఆ చోటు చూపించాడు. ఆగస్టు 13న అరెస్టు చేశారు. తరువాతి రోజుల్లో ఆ నేలలో వెతికితే పిల్లవాడి బూట్లు, 17 ఎముకలు దొరికాయి. 2014 మార్చి 13న జ్యూరీ అతణ్ణి దోషిగా తేల్చింది, జీవిత ఖైదు పడింది.

కెనడా పోలీసులు 1990లలో రూపొందించిన ఈ పద్ధతిని 'మిస్టర్ బిగ్' అంటారు. ఇది అందరికీ సమ్మతమైన పద్ధతేమీ కాదు. లేని ముఠాలో మెప్పు పొందడానికి చెయ్యని నేరాన్ని కూడా ఒప్పుకునే మనుషులు ఉంటారు. ఆ ప్రమాదాన్ని గుర్తించే 2014లో కెనడా సుప్రీంకోర్టు ఇలాంటి ఒప్పుకోళ్ళకు గట్టి షరతులు పెట్టింది. ఆస్ట్రేలియా హైకోర్టు మాత్రం అంతకు ముందే, 2007లో, వీటిని సాక్ష్యంగా అనుమతించింది. డేనియల్ విషయంలో సందేహం మిగలకపోవడానికి కారణం ఒప్పుకోలు కాదు. ఆ ఒప్పుకోలు తీసుకువెళ్ళిన చోట నేలలో దొరికినదే కారణం.

రైట్ సినిమా ఈ మొత్తాన్ని పోలీసు వైపు నుంచి చెబుతుంది. మార్క్ అనే మారుపేరుతో తిరిగే పోలీసుగా జోయెల్ ఎడ్జర్టన్, హెన్రీ అనే అనుమానితుడిగా షాన్ హారిస్ నటించారు. ఎక్కువ భాగం చీకటి రోడ్లు, కార్ల లోపలి మసక వెలుతురు, తక్కువ మాటలు. హెన్రీ పాత్రలో హారిస్‌ను చూస్తున్నంతసేపూ నాకు భయం కన్నా జుగుప్సే ఎక్కువగా కలిగింది. గడ్డం వెనక దాక్కున్న ముఖం, ఎవరైనా కాస్త ఆదరంగా మాట్లాడితే వెంటనే అతుక్కుపోయే ఆ ఆత్రం, తను మారిపోయానని చెప్పుకునే ఆ మెత్తని గొంతు. తెర మీద హంతకుడికి తెలివినీ, తేజస్సునీ ఇచ్చి, ప్రేక్షకుడు లోలోపల అతణ్ణి మెచ్చుకునేలా చేసే దురలవాటు మన సినిమాల్లోనూ, బయటి సినిమాల్లోనూ చాలా కాలంగా ఉంది. ఈ సినిమా ఆ తప్పు చెయ్యలేదు. హెన్రీలో చూడవలసినదేమీ లేదు, అతని ఖాళీతనమే భయపెడుతుంది.

మార్క్ వైపు చెప్పినది ఇంకా విలువైనది. అతనికి ఇంట్లో చిన్న కొడుకున్నాడు. పగలంతా ఒక పిల్లవాణ్ణి చంపినవాడితో స్నేహం నటించి, వాడి భుజం మీద చెయ్యి వేసి, వాడి మాటలకు తలూపి, సాయంత్రం ఇంటికి వచ్చి అదే చేత్తో కొడుకును పట్టుకోవాలి. ఆ నటన నిద్రలోకి కూడా వచ్చేస్తుంది. మేలుకున్నాక తాను ఎవరో తేల్చుకోవడానికి అతనికి కొన్ని క్షణాలు పడుతుంది. పోలీసు పని అంటే ఛేజులు, తుపాకులు అని అలవాటుపడిన ప్రేక్షకుడికి, ఒక మనిషి నోటి నుంచి ఒక్క వాక్యం రాబట్టడానికి ఎంతమంది ఎన్ని నెలలు ఎంత ఓపికతో కూర్చోవాలో చూపించడం చాలా పెద్ద పని.

తెలుగు ప్రేక్షకుడిగా ఇది నాకు మరింత గట్టిగా తగిలింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో, నలుగురు నిందితులు డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అంటే పది రోజులు కూడా పట్టలేదు. ఆ పొద్దున మా వీధిలో మిఠాయిలు పంచారు. తరువాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్‌పుర్‌కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథనాన్ని నమ్మలేమని తేల్చింది. ఎనిమిదేళ్ళు పట్టినా చట్టం ముందు నిలబెట్టాలని మొండిగా కూర్చున్న మనుషుల కథను చూస్తూ, మా వీధిలో ఆ ఉదయాన్ని గుర్తు చేసుకోకుండా ఉండలేకపోయాను.

ఇన్ని మంచి లక్షణాలున్న సినిమా మీద నాకున్న అభ్యంతరం ఆ పిల్లవాడి గురించి. సినిమాలో డేనియల్ లేడు. పిల్లవాడి పేరు జేమ్స్ లిస్టన్ అని మార్చారు. అతన్ని తెర మీద చూపలేదు, నేరాన్ని చూపలేదు, తల్లిదండ్రుల పాత్రలను కథలోకి తీసుకురాలేదు. ఇది కుటుంబం పట్ల గౌరవంతో చేసినదేనని సినిమా తీసినవాళ్ళు చెప్పారు. వాళ్ళ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. తెర మీద పిల్లవాడి హత్యను మళ్ళీ జరిపించకపోవడం నిజంగానే గౌరవం. కానీ బ్రూస్, డెనీస్ మోర్కోంబ్‌లు ఈ సినిమాను బహిరంగంగా, గట్టిగా వ్యతిరేకించారు. ఇది క్రూరమని, తమ బాధ మీద డబ్బు చేసుకోవడమని అన్నారు. చూడవద్దని ప్రజలను కోరారు. అయినా సినిమా వచ్చింది, ప్రశంసలు పొందింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ తల్లిదండ్రులు కొడుకు కథ చెప్పవద్దన్నవాళ్ళు కారు. ఎనిమిదేళ్ళు కెమెరాల ముందు నిలబడి, అడిగిన ప్రతి విలేఖరికీ అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పినవాళ్ళు. 2014లో 'వేర్ ఈజ్ డేనియల్?' అన్న పుస్తకం మరో రచయిత్రితో కలిసి తామే రాశారు. వాళ్ళకు మౌనం అలవాటు లేదు, మౌనం వాళ్ళు కోరుకోలేదు. వాళ్ళ పోరాటమంతా తమ పిల్లవాడి పేరు, ముఖం, ఎర్ర చొక్కా జనం నోట, జనం కంట ఉండాలనే. పేరు మరుగున పడితే వెతుకులాట ఆగిపోతుందన్న భయంతో వాళ్ళు ఆ పేరును బడికీ, వీధికీ, చట్టసభకూ మోసుకెళ్ళారు. అలాంటి పేరును తీసేసి, ఆ తీసేయడాన్నే గౌరవంగా చూపించడం వాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను. పిన్ని ఆ రాత్రి వెతికి పట్టుకున్న నీలం గళ్ళ చొక్కాను నేను ప్రకటనలోంచి కొట్టేసి, "గౌరవం కొద్దీ రాయలేదు పిన్నీ" అని చెప్పినట్టు ఉంటుంది.

మన దగ్గర ఈ విషయం కొంచెం భిన్నంగా అర్థమవుతుంది, ఎందుకంటే మన చట్టం బాధితుల పేరు దాచమంటుంది. లైంగిక నేరాలకు గురైనవారి పేరు, గుర్తింపు బయటపెట్టకూడదని భారతీయ న్యాయ సంహితలోనూ, అంతకు ముందు శిక్షాస్మృతిలోనూ ఉంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం మరింత కఠినంగా ఉంటుంది. చనిపోయినవారికీ ఇది వర్తిస్తుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. శంషాబాద్ కేసులో ఆ యువతికి పోలీసులు 'దిశ' అన్న మారుపేరు పెట్టింది కూడా అందుకే. అందుకని 'పేరు మార్చారు కదా, ఇంకేం కావాలి' అన్న ప్రశ్న మనకు సహజంగా వస్తుంది. కానీ అదే శంషాబాద్ ఘటన మీద ఒక సినిమా ప్రకటించినప్పుడు, పేరు లేకపోయినా, ఆమె తండ్రి 2020లో తెలంగాణ హైకోర్టు మెట్లెక్కారు. పేరు తీసేసినంత మాత్రాన ఆ కథ తన బిడ్డది కాకుండా పోలేదని ఆయనకు తెలుసు. ఆ కథ ఎవరిదో చూసేవాళ్ళందరికీ కూడా తెలుసు.

'ది స్ట్రేంజర్' విషయంలోనూ అంతే. ఎన్నో ఏళ్ళ క్రితం మాయమైన పిల్లవాడు, తప్పించుకు తిరుగుతున్న పాత నేరస్థుడు, దేశం ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచిన బూటకపు ముఠా, చివర్లో పొదల మధ్య నేలను జల్లెడ పట్టే మనుషులు. ఆస్ట్రేలియాలో ఇది ఎవరి కథో తెలియనివాళ్ళు అరుదు. పేరొక్కటి మార్చి మిగతావన్నీ ఉంచుకున్నప్పుడు ఆ మార్పు కుటుంబాన్ని ఏ విధంగానూ కాపాడలేదు, సినిమాను మాత్రం కాపాడింది. 'మేము ఫలానా పిల్లవాడి గురించి తీయలేదు' అనుకునే వెసులుబాటు తీసినవాళ్ళకు దక్కింది. ప్రేక్షకుడు ఊపిరి బిగపట్టి చూడటానికి కావలసిన బరువు మాత్రం నిజంగా ఆ వంతెన కింద చెయ్యెత్తి నిలబడ్డ పిల్లవాడిదే.

దీనికి ఎదురుగా వచ్చే వాదనల్లో నన్ను బాగా ఆలోచింపజేసినది ఒకటుంది. ఇది పిల్లవాడి కథ కాదు, పోలీసుల కథ. మారువేషంలో నెలలు గడిపి, నిద్ర పోగొట్టుకుని, చేసిన పని గురించి ఎవరికీ చెప్పుకోలేని మనుషులకు కూడా తమ కథ చెప్పుకునే హక్కు ఉంది, దానికి ఇంకెవరి అనుమతో ఎందుకు? సినిమాకు ఆధారమైన 'ది స్టింగ్' పుస్తకాన్ని పాత్రికేయురాలు కేట్ కిరియాకూ రాసినది కూడా ఆ రహస్య పరిశోధన గురించే. ఈ వాదనలో నిజముంది. ఆ పోలీసుల శ్రమ బయటికి రావాలని నేనూ కోరుకుంటాను. కానీ ఈ పద్ధతి ఆస్ట్రేలియాలో ఒక్క కేసులోనే వాడినది కాదు. 2007లో హైకోర్టు ముందుకు వచ్చినవే వేరే హత్య కేసులు. అలాంటప్పుడు మార్క్ లాంటి మనిషి నలిగిపోవడాన్ని చెప్పడానికి ఒక కల్పిత కేసు సరిపోదా? చంపబడినది పెద్దమనిషి అయితే, నేరం జరిగినది మరో తీరున అయితే, ఎడ్జర్టన్ ముఖంలో ఆ అలసట తగ్గిపోతుందా? తగ్గదనే నేను అనుకుంటాను. తగ్గుతుందని సినిమా వాళ్ళు అనుకుని ఉంటే, అంటే ఆ పిల్లవాడు లేకుండా తమ కథ నిలబడదని అనుకుని ఉంటే, అప్పుడిది పోలీసుల కథ మాత్రమే అని అనలేరు.

ఇంకో వాదన కూడా తరచుగా వినిపిస్తుంది. అందరి అనుమతీ తీసుకోవాలంటే లాకప్ మరణాల మీద, ఎన్‌కౌంటర్ల మీద, పెద్దల అక్రమాల మీద ఒక్క సినిమా రాదని. ఇక్కడ తేడాను గమనించాలి. అక్కడ వద్దనేది చేసినవాళ్ళు, లేదా చేయించినవాళ్ళు. ఇక్కడ వద్దన్నది పోగొట్టుకున్నవాళ్ళు. ఈ ఇద్దరి 'వద్దు'నూ ఒకే తక్కెడలో వేయడం అన్యాయం. పోగొట్టుకున్నవాళ్ళ మాటకు చట్టపరమైన నిషేధాధికారం ఇవ్వాలని నేను అనడం లేదు. కోర్టులు సినిమాలను ఆపడం మొదలుపెడితే అది ఎవరి చేతుల్లోకి పోతుందో మనకు బాగా తెలుసు. నేను అడుగుతున్నది కళాకారుడి మనస్సాక్షిని. ఒక తల్లి 'వద్దు' అంటే, ఆ మాట విన్నాక స్క్రిప్టులో ఏదో ఒకటి నిజంగా మారాలి. పేరు మారిస్తే చాలదు. కథ ఆ ఇంటి గుమ్మం దగ్గర నుంచి దూరంగా జరగాలి. అలా జరపడం వల్ల సినిమా కొంత బలహీనపడితే, ఆ నష్టం సినిమా వాళ్ళే భరించాలి గానీ ఆ తల్లి భరించకూడదు.

నేను ఆ సినిమాను చివరి దాకా చూశానన్నది కూడా చెప్పాలి. కుటుంబం చూడవద్దన్న సంగతి నాకు తరువాత తెలిసింది. తెలిసి ఉంటే చూసేవాణ్ణి కాదని అంత ధైర్యంగా చెప్పలేను. చూశాక రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు, లేచి కూర్చుని ఆ పిల్లవాడి కోసం వెతికాను. సినిమాలో లేని ముఖం అప్పుడు కనబడింది. ముందుకు పడిన జుట్టు, పెద్ద కళ్ళు, బడి ఫొటోల్లో పిల్లలందరూ నవ్వే నవ్వు. బస్సు సంగతీ, రేడియోలో చెప్పిన డ్రైవరు సంగతీ, ఎర్ర చొక్కా సంగతీ అప్పుడే తెలిసాయి. రెండు గంటల సినిమా చూసిన నాకు ఆ ఫొటో ముందు కూర్చున్న పది నిమిషాల్లోనే మొదటిసారి అర్థమైంది, ఇంతసేపూ నేను ఎవరి కోసం బెంగపడుతున్నానో.

ఎముకలు దొరికినా వాటిని తల్లిదండ్రులకు వెంటనే అప్పగించలేదు. అంత్యక్రియలు 2012 డిసెంబరు 7న జరిగాయి. అతను ఆ వంతెన కింద నిలబడ్డ రోజుకు సరిగ్గా తొమ్మిదేళ్ళు. వచ్చిన వేలాది మందిలో ఎంతోమంది ఎర్ర బట్టలు వేసుకుని వచ్చారు. చావుకు ఎరుపు కట్టుకుని వెళ్ళడం మనకు వింతగా అనిపిస్తుంది గానీ, అక్కడ ఆ రోజు మరో రంగు వేసుకోవడానికి చాలామందికి మనసొప్పి ఉండదు.

సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది 2022 అక్టోబరు 19న. ఆ నెల చివరి శుక్రవారం, ఎప్పటిలాగే, ఆస్ట్రేలియా బడులలో పిల్లలు ఎర్ర చొక్కాలు వేసుకుని వరుసల్లో నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది డేనియల్ మాయమయ్యాక పుట్టినవాళ్ళే. అయినా ఆ చొక్కా ఎవరిదో వాళ్ళకు తెలుసు.